తుప్పు గోడ

మొదట ఎవరూ జడవలేదు.
బోరింగు కొడితే నీళ్ళు పచ్చగా పడ్డాయి.
"అమ్మోరు పసుపు తానమాడింది" అంది నూకరత్నం.
బిందె నిండా పట్టుకుని
గడపలు కూడా కడిగిందట.

అది పసుపు కాదని చెప్పడానికి నేనొచ్చేసరికి
గాజువాక వెనక ఆ క్రోమ్ కంపెనీ మూతబడి పదకొండేళ్ళు.
గేటుకి తాళం ఉంది, గేటు పక్కన గోడ లేదు.
లోపల తొట్లు వానకి నిండి, వానకి పొర్లి,
పొర్లింది నేలలోకి దిగి
గెడ్డ వైపు నడక మొదలెట్టింది,
ఏడాదికి ముప్పై అడుగులు.
అంత మెల్లగా నడిచేదాన్ని
దొంగ అని ఎవరనుకుంటారు?

పదిహేడు బావులు తవ్వాం,
తాగడానికి కాదు, నేల మాట వినడానికి.
పీవీసీ గొట్టం, అడుగున జల్లెడ, పైన మూత, మూతకో నంబరు.
డ్రిల్లు పట్టింది అసిరయ్య.
అదే కంపెనీలో పూత తొట్టి దగ్గర తొమ్మిదేళ్ళు చేశాడు.
మొదటి రోజు టీ తాగుతూ
సంచి కుట్టే పురికొస తీసి
ఒక ముక్కుపుటంలో దూర్చి రెండోదాంట్లోంచి లాగాడు.
"సూడండమ్మా, నా బోరు.
కంపెనీయే తవ్వింది. బిల్లెయ్యలేదు."
నేను నవ్వలేకపోయాను.
అతనే నవ్వాడు.

మందు ఖరీదైంది కాదు.
ఆటోనగర్ లేతు షాపుల్లో సాయంత్రం ఊడ్చి పారేసే
ఇనుప రజను, చుట్టలు తిరిగిన పొట్టు.
నూనె కడిగి, ఇసకలో కలిపి,
గెడ్డకి ఇవతల, నీరు నడిచే దారికి అడ్డంగా
తొమ్మిది మీటర్ల కందకంలో పోశాం.
గోడే, కానీ నీళ్ళని ఆపదు.
రమ్మంటుంది, దాటమంటుంది,
చేతిలోది మాత్రం ఇక్కడ పెట్టి పొమ్మంటుంది.

ఇనుము తన ఎలక్ట్రాన్లు ఇచ్చేసి తుప్పు పడుతుంది.
పనికిరానివాణ్ణి తుప్పు అంటాం కదా.
కందకంలో తుప్పు పట్టడమే పని.
ఇచ్చింది పుచ్చుకున్న క్రోమియం
ఆకుపచ్చ మడ్డిగా మారి
ఇసక రేణువులకి అంటుకుని ఇక కదలదు.
మన భాషకి రెండూ పచ్చే,
కామెర్ల కంట్లోదీ, నాటిన మడిలోదీ.
మధ్యన తేడా మూడు ఎలక్ట్రాన్లు.
దానికోసం నాలుగు వేసవులు, ఎనభై లారీల పొట్టు,
సంతకాలకి ఇంకో రెండేళ్ళు.

ఏడో నంబరు బావిలో నీళ్ళు తెల్లబడ్డాయి.
రిపోర్టులో రాశాను: గుర్తింపు పరిమితికి దిగువ.
"అంటే సున్నావా?" అనడిగింది నూకరత్నం.
కాదు, మా మిషనుకి కనపడనంత.
"పచ్చబడక ముందు మాకూ ఏటీ కనపడలేదు కదమ్మా.
అప్పుడూ తాగినాం."

ఆ మాట రాసే గడి ఫారంలో లేదు.
విషం పోలేదు, కూర్చుంది.
గోడకీ ఆయుష్షుంది, ఇరవయ్యేళ్ళో పాతికో.
ఇనుము అంతా ఇచ్చేశాక
ఎవరో గుర్తుంచుకుని మళ్ళీ తవ్వాలి.
ఆ ఎవరో ఇప్పుడు ఏ బళ్ళో
ఏ బెంచీ మీద నిద్రపోతున్నారో.
నూకరత్నం మాత్రం
ట్యాంకరు వరసలో బిందె తియ్యలేదు.

ఈ ఉదయం మళ్ళీ ఏడో బావి.
రాత్రి వానకి గట్టు జారుడుగా ఉంది.
అసిరయ్య తాడు వదులుతున్నాడు,
నేను మీటర్లు లెక్కపెడుతున్నాను.
హార్బరులో ఓడ కూత పెట్టి ఆగింది.
ఆగాక వినబడింది,
అతను ఊపిరి తీసినప్పుడల్లా
ముక్కులోంచి సన్నగా ఈల.
ఆ బోరుకి నా దగ్గర గోడ లేదు.

సీసా ఎత్తి ఎండకి పట్టాడు.
"తేటగున్నాయమ్మా."
లేబుల్ మీద తేదీ రాశాను.